కారం తీసిన మాటలు

ఖురుమ్, మస్కట్
6 అక్టోబరు 2025

ఒరే పెంచలయ్యా,

నేను మీ అక్క మల్లీశ్వరినే. చేతిరాత చూసి ఎవురో అనుకునేవు. ఇస్కూలు విడిచినాక ఇంత పొడుగు జాబు నేను రాసింది లేదు. నా నంబరు బ్లాక్ చేసి పెట్టినావు గదా, ఇంకేం చేసేది? మంగళవారం నేను పని చేసే ఇంట్లో నీళ్ల డబ్బాలు దించే ఎహసాన్ భాయ్ బండి మీ ఘాలా లేబర్ క్యాంపుకు గూడా వస్తాదంట. "నాకు తెలుగు రాదు దీదీ, నన్ను ఏం తిట్టుకున్నా తెలీదు, రాయి" అన్నాడు. మంచి మనిషి.

ఆలోచిస్తే ఇదే మేలనిపిస్తాంది. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపల నువ్వు పది అంటావు. కాగితమైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు నోరు మూసుకొని చదవాల. చదువు.

ఏం పుట్టిందిరా మనకు? అమెరికా అధ్యక్షుడు మనకు మేనమామా, చిన్నాయనా? ఆయప్ప మాట్లాడిన వీడియో నువ్వు నాకు పంపడమేంది, "ఆయప్ప తిట్టేది బయటినుంచి బతకొచ్చినోళ్లను, మనమూ బయటోళ్లమే గదరా, నువ్వెందుకు చప్పట్లు కొడతావు" అని నేననడమేంది, నువ్వు నన్ను "మేడం వేసే బిస్కట్లు తినే కుక్క" అనడమేంది! ఈ దేశంలో నాకు నువ్వు, నీకు నేను తప్ప ఎవురుండారు? చిట్వేల్లో ఇంటికి తాళమేసి వచ్చినోళ్లం ఇద్దరమూ.

మా ఇంట్లో గూడా అదే రోగం. మా అమెరికా సారూ మేడమూ నలభై ఏండ్లు కాపురం చేసినోళ్లు, నెలాయె మాట్లాడుకోక. టీవీలో అధ్యక్షుడు ఏదో ఉపన్యాసమిచ్చినాడు. తనకు ఓటెయ్యనోళ్లంతా ఇంట్లో ఉండే శత్రువులన్నాడంట. సార్ చప్పట్లు కొట్టినాడు. మేడం ముద్ద తట్టలో పెట్టేసి లేసిపోయింది. అంతే. ఇప్పుడు కింద ఆయప్పకు ఒక టీవీ, పైన ఆయమ్మకు ఒక టీవీ. కింద టీవీ ఆ అధ్యక్షుణ్ణి మోస్తాది, పైన టీవీ అదే అధ్యక్షుణ్ణి ఉతుకుతాది. గుడ్డల బుట్ట పట్టుకొని మెట్ల మధ్యలో నిలబడితే నాకు రెండూ వినబడతాయి.

ఏం కావాలన్నా నాతోనే చెప్పి పంపుతారు. "మల్లీ, ఆ మూర్ఖునికి చెప్పు, కూడు బల్ల మీద ఉండాదని." నేను పోయి, "సార్, భోజనం రెడీ" అంటా. "మల్లీ, ఆమెకు చెప్పు, ఆమె మనుషులు దేశాన్ని నాశనం చేస్తాండారని." నేను పోయి, "మేడం, బీపీ మాత్ర వేసుకున్నారా అని సార్ అడుగుతాండాడు" అంటా. వాళ్ల కూరల్లో కారం తీసేసి వండుతా గదా, మాటలు గూడా అట్లనే వడ్డిస్తాండా. ఏమంటావు?

వచ్చే శుక్రవారం నాకు సెలవు. హమ్రియాలో మన మెస్సుకు రా. ఎప్పటి మాదిరి ఒక మీల్స్ తీసుకొని, అన్నం అడిగి అడిగి వేయించుకొని, ఒకే తట్టలో తిందాం. నువ్వు రాకపోతే ఆ తట్ట ముందర నేనొక్కదాన్నే కూచోవాల. రావాల నువ్వు.

కోపంగా ఉండే మీ అక్క,
మల్లీశ్వరి

* * *

ఘాలా
11 అక్టోబరు 2025

అక్కా,

జాబు గురువారం చేతికొచ్చింది. శుక్రవారం గోడౌన్లో కంటైనరు దించాల్సి వచ్చింది, రాలేదు. వచ్చేదానికి మనసు గూడా లేదులే. అబద్ధం చెప్పను.

నేను నంబరు ఎందుకు బ్లాక్ చేసినానో నీకు తెలీదు. ఆ పొద్దు ఫోన్ స్పీకర్లో పెట్టుకొని పప్పు తాలింపు వేస్తాంటి. "మనమూ బయటోళ్లమే గదరా, నువ్వెందుకు చప్పట్లు కొడతావు" అని నువ్వు అరిస్తే రూములో ఆరుగురూ విన్నారు. నువ్వు తెలుగులో అన్నా, రామాంజనేయులు గాడు దాన్ని హిందీలో అందరికీ చెప్పినాడు. పడీ పడీ నగినారు. పెషావర్ ఫయాజ్ ఒక్కడే నగలేదు. నగకుండా నా పక్క చూసినాడు, అదే ఎక్కువ మండింది నాకు. ఆ మంటలో నిన్ను కుక్క అన్నా. అనకూడదు. అన్నా.

ఆ అధ్యక్షుడంటే నాకు ఎందుకు ఇష్టమో నువ్వు ఒక్క తూరి గూడా అడగలేదు. చెప్తా, ఇప్పుడు నువ్వు నోరు మూసుకొని చదువు. ఆయప్ప తన మనుషుల కోసం కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడతాడు. నాకోసం ఎవురు మాట్లాడినారక్కా? ఊర్లో మాట్లాడినారా? ఎంబసీలో మాట్లాడినారా? ఫోర్‌మన్ నా పేరు గూడా పలకడు, "ఏయ్ హెల్మెట్" అంటాడు. ఎవురో ఒకడు బల్ల గుద్ది, మీరు గొప్పోళ్లు, మీకు అన్యాయం జరిగింది అని తన జనానికి చెప్తాంటే, వాడు యా దేశపోడైనా సరే, నాకు ఒళ్లు పులకరిస్తాది. వినేటప్పుడు నేను గూడా ఆ జనంలో ఉన్నట్టుంటాది. అంతే.

ఫయాజ్ మంచం గోడ పక్కకు జరుపుకున్నాడు. ఆరేండ్లు వాడు రొట్టెలు చేసేది, నేను పప్పు చేసేది. ఇప్పుడు ఎవురి స్టవ్ వాళ్లది. వాడి ఇష్టం.

నువ్వు చేసే పని నాకు నచ్చలేదు. ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పు. మధ్యలో నీ వంటేంది?

పెంచలయ్య

* * *

ఖురుమ్
27 అక్టోబరు 2025

పెంచలా,

స్పీకర్లో పెట్టినావని నాకేం తెలుసు నాయనా. అందరి ముందర నీ పరువు తీయాలని అన్నానా? నీ చెవిలో అంటాండాననుకొని అన్నా. అది మాత్రం నాదే తప్పు, పో.

కానీ నువ్వు అడగకపోయినా నేను రాస్తా: ఆ శుక్రవారం మెస్సులో ఏమయిందో. నేను ముందే పోయి మన మూల బల్ల పట్టుకున్నా. మెస్సు మున్నీ తట్ట తెచ్చిపెట్టి, "తమ్ముడు చేతులు కడగడానికి పోయినాడా?" అనింది. అవుననినా. తింటాండా, తింటాండా, ఆ యమ్మి మళ్లా వచ్చి, "ఇంకా కడుగుతాండాడా?" అనింది. నాకు నగు వచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకటే సారి. మనం చిన్నప్పుడు కొట్లాడుకుంటే అమ్మ ఏం చేసేది? ఒకే తట్టలో సంకటి ముద్ద పెట్టి, అది అయిపోయేదాకా ఇద్దరూ నోరు తెరవకూడదనేది. నోరు తెరవకుండా ఎట్ల తినేదమ్మా అని నువ్వు అడిగితే నీ వీపు మీద ఒకటి పడేది. గుర్తుందా?

నా వంట నీకు నచ్చలేదంటివి. విను మరి. దీపావళి పొద్దు మేడం, "మల్లీ, నీ పండగ గదా, దీపాలు పెట్టుకో" అనింది. గేటు కాడ రెండు పెట్టినా. సార్ చూసి, "ఇవి ఎవురు పెట్టమన్నారు?" అన్నాడు. "మేడం, మీకు ఇష్టమని పెట్టమనింది సార్" అన్నా. ఆయప్ప వంగి, గాలికి ఆరిపోబోయే దీపాన్ని రోంత లోపలికి జరిపినాడు. మరుసటి రోజు మేడం, "నిజంగానే ఆయన బీపీ మాత్ర గురించి అడుగుతాండాడా?" అని నన్ను అడిగింది. అవుననినా. ఆయమ్మ ముఖంలో రోంత వెలుతురు. నా వంట పనిచేస్తాంది చూడు! ఇంకో నెల ఇట్లనే లాగితే ఇద్దర్నీ ఒక బల్ల కాడ కూచోబెడతా.

నీ మాట గూడా అర్థమైంది. నీకోసం ఎవురూ మాట్లాడలేదంటివి. నేను మాట్లాడతాండా గదరా, ఇది మాట్లాడడం కాదా? బల్ల గుద్దాలంటే చెప్పు, గుద్దుతా.

నవంబరులో రెండో శుక్రవారం, పద్నాలుగో తేదీ. రా. ఈసారి చేతులు బిరబిరా కడుక్కో.

మీ అక్క

* * *

ఘాలా
8 నవంబరు 2025

అక్కా,

నేను బాగుండా. ముందర పన్ను ఒకటి ఊగుతా ఉండె, పీకించినా. ముఖం వాచింది. పద్నాలుగున రాలేను. నువ్వు ఘాలాకు రావద్దు, ఆడోళ్లు ఈ క్యాంపు పక్క రాకూడదు.

చలి మొదలైంది. పొద్దున్నే బస్సు కిటికీ తెరిస్తే బాగుంటాంది. రామాంజనేయులు జనవరిలో లీవు మీద ఊరికి పోతాడంట, ఇప్పటినుంచే పెట్టె సర్దుకుంటాండాడు.

వేరే ఏం లేదు.

పెంచలయ్య

* * *

ఖురుమ్
24 నవంబరు 2025

ఒరే,

పన్ను నొప్పంట! ఇస్కూలు ఎగ్గొట్టే రోజుల్లో గూడా నీది అదే పన్ను నొప్పి. నా మీద ఇంకా కోపముందని రాయొచ్చు గదా, నాలుగు ముక్కలు గీకి పంపుతావా? నేను ఘాలాకు రావద్దంట. వస్తానని నేనెప్పుడన్నా? నా మాదిరి అక్క ఉందని నీ రూమోళ్లకు తెలిస్తే నామోషీ అయితాదేమో.

సరే, వదిలెయ్. ఈ దేశం జాతీయ దినం లైట్లు పెట్టినారని ఎహసాన్ చెప్తే, సెలవు దొరికిన పొద్దు మత్రా సముద్రం ఒడ్డుకు పోయినా, ఒక్కదాన్నే. ఎక్కడ చూసినా ఇంటిల్లిపాదీ వచ్చినోళ్లు. ఒక ముసలాయన తన మనవరాలికి ఐస్‌క్రీం కొనిచ్చి, నేను చూస్తాండానని నాకు గూడా ఒకటి కొనిచ్చినాడు. నా ముఖం అంత ఆకలిగా ఉండాదా?

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాల. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

సారోళ్లకు అమెరికాలో ఒక్కతే కూతురు. సార్ ఆ అధ్యక్షుని మాటలే ఎత్తి ఆ పిల్లకు ఏదో రాసినాడంట, నీలాంటోళ్లే దేశానికి చీడ అని. అప్పటినుంచి ఆ పిల్ల, నాయన నా గడప తొక్కొద్దు అనేసింది. ఆ పిల్లకు ఇప్పుడు కాన్పయింది. మగబిడ్డ. మేడం నన్ను పైకి పిలిచి, తలుపేసి, చేతులు పట్టుకొని చెప్పింది. "మల్లీ, నేను డిసెంబరులో బిడ్డ కాడికి పోతాండా. నాతో వస్తాడా అని ఆయన్ను అడుగు. కూతురి ముందర నిలబడి, తప్పయింది అని ఒక్క మాట అంటే చాలు, తలుపు నేను తెరిపిస్తా. రాకపోతే నేను మళ్లా ఈ ఇంటికి రాను. ఈ మాట ఇట్లనే చెప్పు."

మెట్లు దిగుతా దిగుతా అనుకున్నా, "రాకపోతే తిరిగి రాను" అంటే ఆయప్ప సంగతి తెలుసు, "పొమ్మను!" అని ఒక్క అరుపు అరుస్తాడు. అరిచినాక అది ఇంక వెనక్కి రాదు. అప్పుడు ఈ ఇల్లుండదు. కింద టీవీలో వాళ్ల అధ్యక్షుడు అరుస్తానే ఉండాడు. నేను నిలబడి, "సార్, మేడం మనవణ్ణి చూసేదానికి పోతాండాది, మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమనింది" అన్నా. ఆయప్ప టీవీ గొంతు తగ్గించినాడు. ఇంకేమైనా చెప్పిందా అన్నట్టు నన్నే చూసినాడు. లేదన్నా. "సరే, బాగా పోయి రమ్మను" అన్నాడు. పైకి పోయి, "సార్ మిమ్మల్ని పోయి రమ్మన్నాడు, ఆయన తర్వాత వస్తాడంట" అన్నా.

మంచే చేసినా గదా? కొన్నాళ్లు పోతే కోపాలు చల్లారతాయి. నువ్వేమంటావు? నువ్వు తప్ప అడిగేదానికి నాకు మనిషి లేదు.

నీ అక్క

* * *

ఘాలా
29 నవంబరు 2025

అక్కా,

చానా తప్పు పని చేసినావు. ఇప్పుడే పోయి సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒకరి మాట మోసేదానికి ఒప్పుకున్నాక, మోసినట్టే దించాల. నేను గోడౌన్లో పెట్టె బరువుగా ఉందని సగం సరుకు తీసి దోవలో పారేస్తే ఊరుకుంటారా?

ఇంకొకటి. మీ మేడం ఎట్ల ఆడమంటే అట్ల ఆడే మనిషి కాదు మీ సార్. మగోడు. కన్న కూతురి ముందర చేతులు కట్టుకొని నిలబడాల్నా? ఇదంతా ఆయమ్మ టీవీ నేర్పిన బుద్ధి. నువ్వు గూడా పైనున్న టీవీనే వింటాండావు, తెలుస్తానే ఉండాది.

పెంచలయ్య

* * *

ఖురుమ్
22 డిసెంబరు 2025

పెంచలయ్యకు,

నేను సలహా అడిగితే నువ్వు నాకు ఏ టీవీ వింటాండావో చెప్పినావు. బాగుండాది. ఆ ఒక్క ముక్క లేకుండా రాసింటే నీ మాట వినేదాన్నేమో. నువ్వట్ల రాసేసరికి, నీ మాట వినకూడదని పంతం పట్టినా. మనిద్దరికీ ఒకే తల్లి పాలు గదా.

మేడం పద్దెనిమిదో తేదీ పోయింది. పోయేటప్పుడు హాల్లో నిలబడి సార్ పక్క చూసింది. సార్ పేపరు చదువుతాండాడు. ఆయమ్మ ఏమైనా అంటాదేమోనని ఆయప్ప, ఆయప్ప లేస్తాడేమోనని ఆయమ్మ. నాకు తెలుస్తానే ఉండాది. నా నోటి దాకా వచ్చింది, సార్, మేడం మిమ్మల్ని గూడా రమ్మనింది అని. రాలేదు. కారు పోయింది. సార్ నన్ను అడిగినాడు, "క్రిస్మస్ పండగ కాగానే వస్తాది గదా?" అని. వస్తాది సార్ అన్నా.

ఇల్లు ఎట్లుండాదో చెప్పలేను. ఇద్దరు మాట్లాడుకోని ఇల్లు ఒకరకం నిశ్శబ్దం. ఒకడే ఉండే ఇల్లు ఇంకో రకం.

నేను గూడా లీవు మీద ఊరికి పోతాండా. జనవరి ఎనిమిది, గురువారం రాత్రి విమానం. దానికి ముందు శుక్రవారం, జనవరి రెండో తేదీ, సార్‌ను అడిగి సెలవు తీసుకున్నా. హమ్రియాకు రా పెంచలా. అధ్యక్షుని గురించి ఒక్క మాట ఎత్తను, ప్రమాణం. నోరు మూసుకొని తిందాం, అమ్మ చెప్పినట్టు. నీ ముఖం చూసి పోవాలనుంది. ఇంకేం లేదు.

అక్క

* * *

ఘాలా
27 డిసెంబరు 2025

అక్కా,

లీవే గదా. రెండు నెలల్లో వస్తావు, అప్పుడు చూసుకుందాం. రెండో తేదీ ఓవర్‌టైం ఉండాది. వచ్చేటప్పుడు చెనిగ్గింజల పొడి, మన తోట పక్క అరటికాయల చిప్స్ తెచ్చుకో.

ఇంటి తాళం తుప్పు పట్టింటాది, రోంత కొబ్బరినూనె పొయ్యి.

పెంచలయ్య

* * *

ఖురుమ్
5 జనవరి 2026

పెంచలా,

నువ్వు రావని తెలిసి గూడా పోయినా. మున్నీ ఈసారి ఒక్క గ్లాసే పెట్టింది.

నిమ్మకాయ ఊరగాయ ఒక సీసా ఎహసాన్ చేతికి ఇస్తాండా. మళ్లా ఎప్పుడు పెడతానో, గట్టిగా మూత పెట్టుకో. నా పరుపు, స్టవ్వు పక్కింటి హసీనాకు ఇచ్చేసినా.

సార్‌కు చెప్పలేదు. నిన్న ఆయప్ప నాతో, "మల్లీ, నువ్వు చానా మంచిదానివి, ఈ ఇంట్లో నన్ను ఒక్క చెడ్డ మాట అననిది నువ్వే" అన్నాడు. దాని తర్వాత ఎట్ల చెప్పేది? నువ్వు రాసిందే కరెక్టు. సగం సరుకు దోవలో పారేసినా. ఇప్పుడు వెనక్కి పోయి ఏరుకునేదానికి నాకు ధైర్యం లేదు. నన్ను తిట్టుకో, కానీ మనసులో పెట్టుకోవద్దు.

చలికి ఛాతీకి తువ్వాలు కట్టుకొని పడుకో. బస్సు కిటికీ తెరవొద్దు. ఒళ్లు జాగ్రత్త.

ఏమన్నా, నువ్వు నా తమ్మునివే.

మల్లక్క

* * *

ఘాలా
11 జనవరి 2026

అక్కా,

రామాంజనేయులు రేపు ఊరికి వస్తాండాడు. ఈ జాబు వాని చేతికిస్తాండా, నీ చేతిలోనే పెట్టాలని చెప్పినా. నీ మస్కట్ నంబరు పని చేయలేదు. ఊర్లో నువ్వు కొనే కొత్త నంబరు నాకు తెలీదు. అందుకే మళ్లా కాగితం.

ఎహసాన్ బండి చెడిపోయిందంట, నీ జాబు, సీసా శుక్రవారం పొద్దున తెచ్చిచ్చినాడు. ఇచ్చి, "దీదీ పోయింది గదా, ఇంక మీకెవురు రాస్తారు" అన్నాడు. లీవుకు పోయింది, వస్తాది అన్నా. వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు. "లీవేంది భాయ్, వీసా క్యాన్సల్, దీదీ ఇంక రాదు. ముసలాయన ఆ ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారతాండాడు, ఒక్క డబ్బా నీళ్లు చాలన్నాడు" అన్నాడు.

అక్కా, నువ్వు నాకు గూడా కారం తీసే వడ్డించినావా!

నువ్వు గురువారమే పోయినావని తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. టాక్సీ పట్టుకొని ఖురుమ్ పోయినా. గేటు సారే తెరిచినాడు. మల్లీ తమ్ముణ్ణి అన్నా. ఆయప్ప లోపలికి రమ్మని, నీళ్లిచ్చి, కుర్చీ వేసినాడు. నేను ఇన్నాళ్లూ నా పక్కోడు, మగోడు అనుకున్న మనిషి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. హాలంతా అట్టపెట్టెలు.

కింద ఆయప్ప టీవీ మోగుతాండాది. పైన గూడా మోగుతాండాది. పైన ఎవురుండారు సార్ అన్నా. ఎవురూ లేరన్నాడు. ఆయమ్మ చూసే ఛానల్‌ను ఆయప్పే పెట్టుకుంటాండాడు, పొద్దున లేస్తానే. తన అధ్యక్షుణ్ణి ఉతికే ఛానల్‌ను! అది లేకపోతే ఇల్లు ఇల్లుగా లేదన్నాడు.

తర్వాత అడిగినాడు. "మేడం ఎప్పుడొస్తాదో మీ అక్కకు ఏమైనా తెలుసా?"

నాకొచ్చిన గోడౌన్ ఇంగ్లీషులో, అరవకుండా, మెల్లగా చెప్పినా. మేడం మిమ్మల్ని తనతో రమ్మనింది. కూతురికి ఒక్క మాట చెప్పమనింది. మీరు రాకపోతే తిరిగి రానని గూడా అనింది. మా అక్క భయపడి చెప్పలేదు, మీరు ఒకరినొకరు పోగొట్టుకుంటారని భయపడింది, ఆమెను తప్పు పట్టొద్దు.

కొడతాడేమో అనుకున్నా. కొట్టలేదు, తిట్టలేదు. "రమ్మనిందా?" అన్నాడు. అవును సార్. "నన్నా? తనతోనా?" అవును సార్. తిరిగి రానన్న మాట ఆయప్ప చెవికి ఎక్కనే లేదక్కా. రమ్మనింది, అదొక్కటే మళ్లా మళ్లా చెప్పించుకున్నాడు. నువ్వు కారమని తీసేసినదాంట్లోనే ఉప్పు గూడా ఉండింది. నేను వచ్చేటప్పుడు ఫోన్ చేతిలో పట్టుకొని కూచోనుండాడు. చేసినాడో లేదో తెలీదు.

నీకు చెప్పనిది నా కాడ గూడా ఉండాది. నా పన్ను నేను పీకించుకోలేదు. ఫయాజ్ కొట్టినాడు. సూపర్‌వైజర్ ఒకడు ఫయాజ్‌ను లైన్లో నిలబెట్టి, "వచ్చిన చోటికే పో, చెత్త దేశపోడా" అన్నాడు. అచ్చం నా వీడియోలో మాట. వినీ వినీ అలవాటైన మాట గదా, నాకు నగు వచ్చేసింది. ఫయాజ్ తిరిగి నాకు ఒక్కటి పీకినాడు. నేను నోరు పట్టుకొని కింద కూచుంటే సూపర్‌వైజర్ నా పక్క తిరిగి, "నువ్వేందిరా నగేది, నువ్వు గూడా అదే చెత్త" అన్నాడు. అప్పుడు ఎవురూ నగలేదు. ఈ తొర్రి నోటితో నీ ముందర ఎట్ల కూచోవాల? నువ్వు చెప్పిందే జరిగిందని ఏ ముఖంతో చెప్పాల? అందుకే ఓవర్‌టైం అన్నా. ఓవర్‌టైం లేదు, ఏం లేదు. రెండో తేదీ మధ్యాహ్నమంతా మంచం మీద పడుకొని, ఇప్పుడు అక్క తింటాంటాది, ఇప్పుడు చేయి కడుగుతాంటాది అనుకుంటా ఉన్నా.

నీ ఊరగాయ సీసా రూములో ఫయాజ్ స్టవ్ పక్కన పెట్టినా. మూత తీసి వాసన చూసినాడు. తిన్నాడో లేదో నేను చూడలేదు.

ఆ అధ్యక్షుని మీద నా మాట అంతా మార్చుకున్నానని అనుకోవద్దు. కొంత ఉండాది ఇంకా. దాని మీద నువ్వు అరుచు, నేను గూడా అరుస్తా. ఈ కాగితాల్లో మనం ఎంత పద్ధతిగా, ఒకరి మాటకు ఒకరం అడ్డం రాకుండా, ఎంత దూరం పోయినామో చూడు.

ఆ సార్, నన్ను ఎవురూ రమ్మనలేదు అని చెప్పుకోవచ్చు. నేను చెప్పుకోలేనక్కా. నువ్వు మూడు తూర్లు రమ్మన్నావు.

నీ పాత నంబరు మీద బ్లాక్ తీసేసినా. ఇప్పుడు తీసి ఏం లాభమని తెలుసు, అయినా తీసినా. నా నంబరు అదే. ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టను.

నీ తమ్ముడు,
పెంచలయ్య